‘ఇంకోసారి పెట్టవ్వా’

మార్కాపురం చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా మినీ బ్యాంకు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది. “ఏలు పడట్లేదవ్వా, ఇంకోసారి పెట్టు.” అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుంటుంది. అప్పటికీ పడకపోతే తలకు రుద్దుకుని పెడుతుంది. తర్వాత చూపుడు వేలు, ఆ తర్వాత ఎడమ చెయ్యి. నాలుగోసారికో ఐదోసారికో యంత్రం ఒప్పుకుంటే, పోన్లే ఇవాళ్టికి గండం గడిచిందనుకుంటుంది. తన వేలిదే తప్పన్నట్టు సిగ్గుపడే అవ్వలూ ఉన్నారు.

తప్పు వేలిది కాదు, పనిది. మార్కాపురం పలకల పనిలో వాడే రాయినే చూడండి. అభ్రకం జాతి ఖనిజాలు ఒకే దిక్కున పరుచుకుని ఉండటం వల్ల ఆ రాయి ఉలి దెబ్బకు రేకులు రేకులుగా విడిపోతుంది. అందులో క్వార్ట్జ్ కూడా ఉంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద అది 7వ మెట్టున ఉంటుంది, అంటే మామూలు ఇనుము కన్నా గట్టిది. అటువంటి రాతిని రోజంతా పట్టుకుని, కోసి, అంచులు అరగదీసే చేతికి గీతలు మిగలడం కష్టం. సిమెంటు కలిపే చేతులకూ గిన్నెలు తోమే చేతులకూ ఇదే గతి.

అయితే వేలిముద్ర అరిగిపోతుందే తప్ప చచ్చిపోదు. దాని అచ్చు పైచర్మం మీద లేదు, లోపలి పొరల్లో ఉంది. తల్లి కడుపులో మూడో నెల నుంచి ఐదో నెల లోపు ఆ గీతలు ఏర్పడతాయి. వేలి కొన మధ్య నుంచి ఒక అల, గోరు దగ్గర నుంచి ఒకటి, కణుపు మడత దగ్గర నుంచి ఒకటి బయలుదేరి, ఎక్కడ కలుస్తాయో దాన్ని బట్టి సుడి, వంపు తయారవుతాయి. జీవుల ఒంటి మీద చారలూ మచ్చలూ ఎలా పుడతాయో గణితంతో చెప్పవచ్చని అలన్ ట్యూరింగ్ 1952లో ప్రతిపాదించాడు. వేలి గీతలకూ ఆ సూత్రమే వర్తిస్తుందని 2023లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపించారు. ఆ అలల వేగంలో, సమయంలో వచ్చే చిన్న చిన్న తేడాల వల్లనే ఒకే పోలికతో పుట్టిన కవలలకు కూడా ముద్రలు వేరవుతాయి. పైచర్మం దాదాపు నెలకోసారి కొత్తదవుతుంది కాబట్టి, పని ఆపి కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే గీతలు తిరిగి వస్తాయి. అన్ని రోజులు పని ఆపగలిగితే ఆ అవ్వ అక్కడ వరసలో ఎందుకు నిలబడుతుంది?

యంత్రం వైపు నుంచి కూడా చూడాలి. చాలా యంత్రాల్లో గాజు కింద నుంచి వెలుతురు పడుతుంది. గీత గాజుకు ఆనిన చోట వెలుతురు చెదురుతుంది, గీతల మధ్య గాలి ఉన్న చోట పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. ఆ నలుపు తెలుపుల బొమ్మే ముద్ర. ఎండిపోయిన వేలు గాజుకు సరిగా ఆనదు. తలకు రుద్దుకోవడంలో ఉన్న కిటుకు ఇదే, జుట్టులోని నూనె గీతకూ గాజుకూ మధ్య ఖాళీని పూడుస్తుంది. భౌతికశాస్త్రం చదవకుండానే మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం.

ఈ వేలిముద్ర పద్ధతి మొదలైంది మోసాన్ని ఆపడానికే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో పింఛన్లకూ దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కూ వేలిముద్రలు తెచ్చాడు. చనిపోయిన వాళ్ల పేరుతో పింఛను ఎత్తుకుపోవడం ఆయన తలనొప్పి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టినప్పుడు ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్కను తయారు చేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఇద్దరూ మన దేశం వాళ్లే, పేరు మాత్రం చాలాకాలం వాళ్ల దొర ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

అప్పట్లో ముద్ర కాగితం మీద ఉండేది, పోల్చేవాడు మనిషి. ఇప్పుడు ఆధార్ చెల్లింపుల పద్ధతిలో డబ్బు తీయాలంటే మూడే కావాలి: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్కో విడతకు పదివేల రూపాయల పరిమితి ఉంది. చదువు రాని వాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది, గిద్దలూరు దాకా బస్సెక్కి బ్యాంకుకు పోయే ఖర్చు తప్పింది. కానీ ఆ మూడింటిలో ఆధార్ నంబరు ప్రతి జిరాక్స్ షాపులోనూ తిరుగుతుంది. బ్యాంకు పేరు ఊరందరికీ తెలుసు. ఇక వేలు? 2001లో సవరించిన రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు మీద ఫొటోతోపాటు వేలిముద్రలూ ఉండాలి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒక యువకుడు ఇంటర్నెట్‌లో దొరికిన దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల యంత్రంతో నకలు వేళ్లు చేశాడు. వాటితో వేలాది సిమ్‌లు చెలామణి చేశాడు. హెర్షెల్ మోసం ఆపడానికి దస్తావేజు మీద వేయించిన ముద్రే మోసానికి ముడిసరుకైంది. జెలటిన్‌తో చేసిన వేలు పదకొండు రకాల యంత్రాలను ఏమార్చిందని జపాన్‌లో సుతోము మత్సుమోతో 2002లోనే హెచ్చరించాడు. వేలు బతికున్న మనిషిదా, నకలుదా అని పోల్చే పరీక్షను ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది.

తాళంచెవి పోతే తాళం మారుస్తాం, పిన్ తెలిసిపోతే పిన్ మారుస్తాం. వేలిని మార్చలేం. నా మనసుకు పట్టిన భయం ఇదే.

కానీ మన పల్లెల్లో మోసం జరగడానికి నకలు వేలు కూడా అక్కర్లేదు. “ఇంకోసారి పెట్టవ్వా” అన్న మాట చాలు. మొదటిసారే ముద్ర పడి డబ్బు ఖాతాలోంచి పోయినా, పడలేదని చెప్పి రెండోసారి వేయిస్తే రెండు విడతల డబ్బు పోతుంది, అవ్వ చేతికి ఒక విడతే వస్తుంది. ఈ మినీ బ్యాంకులు నడిపే బ్యాంకు మిత్రల్లో ఎక్కువమంది నిజాయితీగా పనిచేసేవాళ్లే. అయినా చేతులు అరిగిన మనిషి ఐదుసార్లు వేలు పెట్టడానికి అలవాటు పడిపోయి ఉంటుంది కాబట్టి, ఆరోసారి ఆమెకు అనుమానం రాదు. పలక అరగదీసిన గీతలే దొంగకు అదనుగా మారతాయి.

అందుకే ప్రతిసారీ, ముద్ర పడనప్పుడు కూడా, చీటీ అడగాలి. “పడలేదు” అన్న చీటీ కూడా యంత్రం ఇస్తుంది. రెండుసార్లకు మించి పడకపోతే ఆ రోజుకు ఆపి, బ్యాంకులో మిగిలిన సొమ్ము చూపించమనడం మంచిది. బ్యాంకు మిత్ర చేసిన పనికి బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు నిబంధన. అటు బ్యాంకు తప్పూ ఇటు మన తప్పూ లేకుండా బయటివాళ్లు డబ్బు లాగితే, బ్యాంకు నుంచి కబురు అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం మన మీద పడదని 2017 నాటి ఉత్తర్వు. సైబర్ మోసాలకు 1930కి ఫోన్ చేయాలి.

ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే వీలుంది. ఫోన్‌లోని ఆధార్ యాప్‌లోనో ఆధార్ సేవా కేంద్రంలోనో వేయించవచ్చు. అయితే ఈ సలహా అందరికీ ఒకేలా సరిపడదు. తాళం వేస్తే వేలే కాదు, కనుపాప, ముఖం కూడా మూసుకుంటాయి. తాత్కాలికంగా తీసుకునే వీలుంది గానీ, ఒకటో తారీఖున పింఛను ఇచ్చే సచివాలయం ఉద్యోగి వాకిట్లోకి వచ్చినప్పుడు అవ్వ ఫోన్‌లో తాళం తీస్తూ కూర్చోలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనికి పోయిన కొడుకు, వేలుతో డబ్బు తీయని వాడు, తన ఆధార్‌కు తప్పక వేసుకోవాలి. అవ్వ విషయంలో ఈ రకం చెల్లింపులను ఆపడం వీలవుతుందా అని బ్యాంకు శాఖలో అడగాలి. కాకపోతే పింఛను, కూలి డబ్బు పడే ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకుండా చూడాలి.

ఇంకొకటుంది. వలస ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అవ్వ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు చాలాసార్లు కొడుకుది. డబ్బు పోయినట్టు మెసేజ్ బెంగళూరులో మోగుతుంది, పనిలో ఉన్నవాడు చూడడు. కొందరైతే ఆ సిమ్ ఎప్పుడో పారేసి ఉంటారు. మూడు పనిదినాలు అలాగే గడిచిపోతాయి. ఈ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అవ్వను బండి మీద ఎక్కించుకుని కంభంకో మార్కాపురానికో తీసుకుపోయి, ఆమె దగ్గరుండే నంబరును బ్యాంకులో, ఆధార్‌లో రాయించండి. ఎదురింటి కోడలు ఫోన్‌లో చదివి చెప్పగలిగితే ఆ కోడలికి కూడా ఓ మాట చెప్పి రండి.