సోమరితనం కాదు, ఇనుము లోటు

నిరుడు మన కుట్టు శిక్షణ తరగతిలో ఒక అమ్మాయి మిషన్ మీదే కునికేది. రెండుసార్లు మందలించాం. మూడోసారి, ఆసక్తి లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని కూడా అన్నాం. మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. "పడుకుంటే చాలు, కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు ఉంటుందంట ఆపా. లేచి నడిస్తేగాని తగ్గదు. రాత్రి ఒంటిగంట దాకా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది" అంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12 దాటే ఉంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మాత్రం అడుగంటింది. పొరపాటు మాదే కాబట్టి ఈ సంచికలో ఈ సంగతి రాయాలనుకున్నాం.

ఇనుము అనగానే మనకు రక్తమే గుర్తొస్తుంది. కానీ మెదడుకూ అది కావాలి. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాల్లో డోపమిన్, సెరటోనిన్ ముఖ్యమైనవి. డోపమిన్ కదలికకు, హుషారుకు, ఏకాగ్రతకు అవసరం. సెరటోనిన్ మనసు నిలకడగా ఉండటానికి తోడ్పడుతుంది. రాత్రిపూట నిద్రవేళను సూచించే మెలటోనిన్ కూడా దాని నుంచే తయారవుతుంది. ఈ రెండింటి తయారీలో మొదటి అడుగు వేయించే ఎంజైములు ఇనుము లేనిదే పనిచేయవు. వంటకు సరుకులన్నీ ఉన్నా పొయ్యి రాజుకోనట్టే.

మరి బాధ రాత్రిపూటే ఎందుకు? రక్తంలో ఇనుము సాధారణంగా ఉదయం ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గుతుంది. డోపమిన్ పని కూడా రాత్రికి మందగిస్తుంది. నిల్వ ఉన్నవారికి ఈ హెచ్చుతగ్గులు తెలియనే తెలియవు. నిల్వ లేనివారిలో కొందరికి సరిగ్గా పడుకునే వేళకే కాళ్ళలో పీకులాట మొదలవుతుంది. 1940ల్లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. తర్వాతి దశాబ్దంలో అదే దేశంలో నార్డ్‌లాండర్ ఇనుమును సూదిమందుగా ఇచ్చి ఉపశమనం చూపించాడు. కిడ్నీ జబ్బులోనూ, కొన్ని మందుల వల్లా కూడా ఈ బాధ వస్తుంది కనుక వైద్యుడికి చూపించుకోవాల్సిందే.

ముందు నిల్వ ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ తగ్గడం ఆ తర్వాత. అందుకే వేలు పొడిచి చూసే పరీక్షలో "బాగానే ఉంది" అనిపించుకున్నవారిలోనూ లోటు ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి వేరే కారణాలూ ఉన్నా ఇనుము లోటు ప్రధానమైనది. నిల్వ మాత్రమే తగ్గినవారు ఈ లెక్కలోకి రారు.

పసిపిల్లల విషయంలో ఆలస్యం మరీ ప్రమాదం. కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ బృందం, పసితనంలో తీవ్రమైన ఇనుము లోటు వచ్చిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. చికిత్సతో రక్తం బాగుపడింది. అయినా పదేళ్ళు దాటాక కూడా వారు చదువులో, ప్రవర్తనలో తోటివారి కంటే వెనుకబడే ఉన్నారు.

ఖర్జూరం తింటే సరిపోతుందని చాలామంది అంటారు. మంచిదే, కానీ లోటు తీర్చేంత ఇనుము అందులో లేదు. కలేజీ, మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకోవాలి. మాత్ర మింగి వెంటనే చాయ్ తాగితే ఫలితం చాలావరకు పోతుంది; సహరీలో మాత్ర వేసుకునేవారు ఇది గమనించాలి. హిమోగ్లోబిన్ పెరగగానే మాత్రలు మానేయకూడదు, నిల్వ నిండటానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. తలసీమియా ఉన్నవారికి ఇనుము ఎక్కువైనా ముప్పే, కాబట్టి పరీక్ష లేకుండా సొంతంగా వాడకూడదు.

ఫెరిటిన్ పరీక్షకు మామూలు రక్తపరీక్ష కంటే ఖర్చు ఎక్కువ. ఈ ఏడాది శిబిరంలో, నిద్ర పట్టడం లేదనీ ఎప్పుడూ నీరసమనీ చెప్పే అమ్మాయిలకు, గర్భిణులకు ఆ పరీక్ష చేయించాలని ఉంది. దాతలను మేము అడుగుతున్నది అందుకే. ఆ అమ్మాయి ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతోంది, తరగతికీ వస్తోంది. ఇంకో మాట: నిరుటి శిబిరంలో మాత్రలు ఇచ్చిన బల్ల పక్కనే అందరికీ చాయ్ పోశాం. ఈసారి నిమ్మరసం.