ఎవరూ వాడని నీరు: నగర గృహాలలో నీటి పొదుపు

వేసవి ప్రవేశించగానే నీటి పొదుపును గురించిన నినాదాలు గోడలపై వెలుస్తాయి. తొలకరి జల్లు పడగానే అవి వెలిసిపోతాయి. సాధారణంగా ఈ ప్రచారమంతా మన నుంచి త్యాగాన్ని కోరుతుంది. తక్కువ నీటితో స్నానం చేయమంటుంది, బట్టలు తక్కువసార్లు ఉతకమంటుంది. మండుటెండలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన మనిషిని స్నానం తగ్గించుకోమనడం న్యాయమూ కాదు, ఆచరణసాధ్యమూ కాదు. నీటి సరఫరా, పంపుల నిర్వహణ రంగంలో అనేక సంవత్సరాలుగా పనిచేస్తున్న మేము ఇక్కడ మనవి చేయదలచిన విషయం వేరు. మన ఇళ్లకు చేరే నీటిలో కొంత భాగం ఎవరి అవసరానికీ ఉపయోగపడకుండానే మురుగు కాలువలో కలుస్తున్నది. పొదుపు అక్కడ మొదలు కావాలి. ఆ నీటిని నిలుపుకోవడానికి ఎవరూ ఏ సౌఖ్యాన్నీ వదులుకోనక్కరలేదు. ఒక గడియారం, ఒక బకెట్, కొలబద్దగా ఒక కర్ర, కాస్త శ్రద్ధ ఉంటే చాలును.

కుళాయి దాకా నీటి ప్రయాణం

మన కుళాయిలోని నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. హైదరాబాదు నగరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల అనంతరం, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలను అనుసరించి జలాశయాల నిర్మాణానికి పూనుకున్నారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఈ జలాశయాలు నగరానికి చేరువలో, ఎగువన ఉన్నాయి. నగరం విస్తరించిన కొద్దీ ఆ నీరు చాలలేదు. మంజీరా నది నుంచి, ఆపైన సింగూరు నుంచి నీరు తెచ్చుకున్నాము. 2000 దశకంలో కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు నగరానికి చేరాయి. కృష్ణా నీరు వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీరు నూట ఎనభై కిలోమీటర్లకు పైగా పైపులలో ప్రయాణిస్తున్నాయి.

దూరం ఒక్కటే సమస్య కాదు, ఎత్తు కూడా ఉన్నది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు నగరంలో అధిక భాగం 500 మీటర్లకు పైన ఉన్నది. అనగా ప్రతి నీటి బొట్టునూ 300 మీటర్లకు మించి పైకి ఎత్తవలసి ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటిని 320 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 0.87 యూనిట్ విద్యుత్తు కావాలి. పంపులలో, మోటార్లలో, పైపుల రాపిడిలో జరిగే నష్టాలను కలుపుకుంటే అది ఒక యూనిట్‌ను దాటుతుంది. అందువల్ల మన ట్యాంకు పొంగి కారిపోయినది నీరు మాత్రమే కాదు, ఎక్కడో మండిన బొగ్గు కూడా. పైగా ఇంటికి సరఫరా అయిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. దానిని మళ్లీ శుద్ధి చేయడానికి మరికొంత వ్యయం తప్పదు.

చివరి ఇంటి సంగతి

మన దేశంలో చాలా నగరాలలో నీరు రోజులో కొన్ని గంటలే వస్తుంది. ఆ కొన్ని గంటలలో వీధి మొదట ఉన్న ఇళ్లవారు అందరూ ఒకేసారి సంపులు నింపుకుంటారు. పైపులో ప్రవాహం హెచ్చిన కొద్దీ రాపిడి హెచ్చి, ఒత్తిడి పడిపోతుంది. వీధి చివరి ఇంటికి చేరేసరికి మిగిలేది సన్నని ధార, ఒక్కొక్కప్పుడు అదీ ఉండదు. మొదటి ఇంటి సంపులో బాల్ వాల్వు పాడై నీరు పొంగిపోతూ ఉంటే, ఆ నీరు చివరి ఇంటివారి బిందెలోనిదే. ఇక కొందరు సరఫరా పైపుకే నేరుగా మోటారు బిగించి నీటిని లాగుతారు. దీని వలన పైపులో ఒత్తిడి బయటి ఒత్తిడి కంటే తగ్గి, పగుళ్ల గుండా పక్కనున్న మురుగు లోపలికి చొరబడే ప్రమాదం ఉన్నది. ఆ కలుషిత జలం మోటారు బిగించినవారి ఇంటికే ముందుగా చేరవచ్చును. నీటి పొదుపు సొంత బిల్లుకు మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కనిపించని నష్టాలను పట్టుకోవడం

మీటరును చూసి లీకేజీని పట్టుకోవాలని పుస్తకాలు చెబుతాయి. మన ఇళ్లలో నీరు మీటరు నుంచి సంపులోకి, అక్కడి నుంచి మేడమీది ట్యాంకులోకి పోయి, ఆ తరువాత కుళాయికి వస్తుంది. కనుక మీటరు అన్నిటినీ చెప్పలేదు, ట్యాంకులోనే కొలవాలి. రాత్రి అందరూ పడుకునే ముందు, మోటారు ఆపి, ఒక కర్రను ట్యాంకు అడుగుదాకా దించి తడిసిన చోట గుర్తు పెట్టాలి. తెల్లవారుజామున, ఎవరూ కుళాయి విప్పకముందే మళ్లీ చూడాలి. వెయ్యి లీటర్ల గుండ్రని ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు తొమ్మిది, పది లీటర్లు పోయినట్లు. సంపును కూడా ఇదే విధంగా, సరఫరా లేని రాత్రి పరీక్షించవచ్చును. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న సంపులో సెంటీమీటరు అంటే 40 లీటర్లు. సంపు గోడకు బీట ఉంటే నీరు బయటికి పోవడమే గాక, వానాకాలంలో బయటి మురికి లోపలికి రాగలదు.

ట్యాంకులో మట్టం తగ్గినా కుళాయిలేవీ కారడం లేదంటే ఫ్లష్ ట్యాంకును అనుమానించాలి. మిఠాయిలలో వాడే రంగును చిటికెడు అందులో కలిపి, అరగంటసేపు ఫ్లష్ చేయకుండా ఉంచాలి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు వాషరు అరిగినట్లే. ఈ ధార శబ్దం లేకుండా రాత్రింబగళ్లు కారుతుంది. కుళాయి నుంచి సెకనుకు ఒక చుక్క రాలుతూ ఉంటే, నాలుగు వేల చుక్కలు ఒక లీటరు అనుకున్నా, రోజుకు 21 లీటర్లకు పైగా పోతుంది. ఏడాదికి సుమారు 7,900 లీటర్లు. కారణం కొద్ది రూపాయలు చేసే వాషరు!

మేడమీది ట్యాంకు పొంగడం మరొక నష్టం. నిమిషానికి 40 లీటర్లు ఎత్తే మోటారును పది నిమిషాలు మరచిపోతే 400 లీటర్లు పోతాయి. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణం ఉన్నది. ఆ లెక్కన పది నిమిషాల మరపు దాదాపు ముగ్గురు మనుషుల ఒక రోజు నీరు. ట్యాంకు నిండగానే మోటారు ఆపే స్విచ్చును అమర్చుకోవడం ఈ మరపుకు మందు.

వాడకంలో మార్పులు

గృహాలకు నిర్ణయించిన ప్రమాణాలలో మనిషికి రోజుకు 45 లీటర్లు ఫ్లష్ కోసమే లెక్కించారు. తాగునీటితో సమానంగా శుద్ధి చేసిన నీరే ఇది. పది లీటర్ల పాత ట్యాంకు ఉన్న ఇంట్లో, నలుగురు రోజుకు ఐదేసి సార్లు వాడితే 200 లీటర్లు ఖర్చవుతుంది. మూడు, ఆరు లీటర్ల రెండు బొత్తాముల ట్యాంకు ఉంటే, ఒకసారి పెద్దది, నాలుగుసార్లు చిన్నది వాడినట్లయితే 72 లీటర్లతో సరిపోతుంది. నెలకు 3,800 లీటర్లకు పైగా ఆదా. వెంటనే మార్చలేనివారు లీటరు సీసాను నీటితో నింపి, మూత బిగించి, లోపలి తేలుడు బంతికి అడ్డురాకుండా పాత ట్యాంకులో నిలబెట్టవచ్చును. ఇటుక మాత్రం పెట్టరాదు, అది కరిగి వాల్వును పాడుచేస్తుంది.

వంటింటి కుళాయి కింద బకెట్ ఉంచి పదిహేను సెకన్లు చూడండి. మూడు లీటర్లు పడితే నిమిషానికి పన్నెండు లీటర్ల ధార అన్నమాట. ఏరేటరు అని పిలిచే చిన్న జల్లెడను కుళాయి మూతికి బిగిస్తే గాలి కలిసిన ధార వస్తుంది. సగం నీటితోనే అంట్లు శుభ్రపడతాయి. ఇంటిపనిలో సాయపడే మహిళ నీరు ఎక్కువగా పోస్తున్నదని విసుగుకొనే గృహాలు కొన్ని ఉన్నాయి. ఆ కుళాయిని ఎంచినది, బిగించినది ఆమె కాదు. ఆమెను అనడానికి ముందు ధారను కొలవడం సబబు.

ఆర్.ఓ. యంత్రాల సంగతి కూడా ఆలోచించదగినది. చాలా యంత్రాలు ఒక లీటరు మంచినీటికి సుమారు మూడు లీటర్లు వదిలివేస్తాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు కరిగిన లవణాలు ఉన్న నీరు ఆ విషయంలో తాగడానికి యోగ్యమే. అటువంటి నీటికి ఆర్.ఓ. అవసరం లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో పేర్కొన్నది. కనుక యంత్రం కొనడానికి ముందు నీటిని పరీక్ష చేయించుకోవాలి. ఇప్పటికే ఉన్నవారు వదిలివేసే నీటిని పట్టి, నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చును. అందులో లవణాలు ఎక్కువ కనుక కుండీల మొక్కలకు నిత్యం పోయడం మంచిది కాదు.

నీరు వచ్చే రోజున డ్రమ్ములలోని పాత నీటిని పారబోసి కొత్త నీరు పట్టుకునే అలవాటు మనలో బలంగా ఉన్నది. మూత పెట్టి ఉంచిన నీరు రెండు రోజులలో పాడుకాదు, స్నానానికి, ఉతుకుకు నిక్షేపంలా పనికివస్తుంది. అయితే డెంగ్యూ దోమ నిలవ నీటిలోనే పెరుగుతుంది గనుక వారానికి ఒకసారి పాత్రలను ఖాళీ చేసి, గోడలు రుద్ది కడగాలి. ఆ రోజు మిగిలిన నీటితో ఇల్లు, వాకిలి కడుక్కోవచ్చును.

వాననీటి లెక్క

హైదరాబాదులో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వంద చదరపు మీటర్ల డాబాపై పడినదానిలో ఐదింట నాలుగు వంతులు పట్టుకోగలిగినా 64,000 లీటర్లు. నలుగురున్న కుటుంబానికి, మనిషికి 135 లీటర్ల చొప్పున, ఏడాది అవసరంలో ఇది దాదాపు మూడో వంతు. తమిళనాడు 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. అయినా 2019 జూలైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి రైలు వ్యాగన్లలో నీరు తరలించవలసి వచ్చింది. గుంత తవ్వడంతో పని పూర్తికాదని దీని అర్థం. ఇంకుడు గుంతలోని ఇసుక, కంకర ఏటా ఒండ్రుతో పూడుకుపోతాయి. మే నెలలో వాటిని తీసి కడగాలి. హైదరాబాదు వంటి రాతి నేలలో గుంత పైమట్టిని దాటి, శిథిలమైన రాతి పొర దాకా దిగితేనే నీరు లోపలికి ఇంకుతుంది. డాబాపై దుమ్ము కడిగే తొలి వానను బయటికి వదలివేయాలి.

ఇవన్నీ ఒక్కనాడే చేయనవసరం లేదు. వచ్చే ఆదివారం రాత్రి ట్యాంకులో కర్ర దించి చూడడంతో ప్రారంభించవచ్చును. ఆ పనిని ఇంట్లో చదువుకునే పిల్లలకు అప్పగిస్తే గణితమూ వస్తుంది, గమనికా అలవడుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ అంకెను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే, వాషరు ఎప్పుడు అరిగిందో, వాల్వు ఎప్పుడు చెడిందో ఆ పుస్తకమే చెబుతుంది. పై ఫలితం మన కంటికి కనిపించకపోవచ్చును. కానీ మన సంపు వాల్వు సకాలంలో మూసుకున్న ప్రతిసారీ, వీధి చివరి ఇంట్లో బిందె మరికొంత త్వరగా నిండుతుంది.