నీడ పడని పదార్థం

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం చంద్రుడి నీడ మహబూబ్‌నగర్, నల్లగొండ నేల మీదుగా పరుగెత్తింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. పట్టపగలు రెండు నిమిషాలు చీకటి కమ్మింది. చంద్రుడు వెలుతురుకు అడ్డొచ్చాడు కాబట్టే ఆ నీడ.

కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) అలా అడ్డు రాదు. పేరులో నలుపున్నా అది గాజుకన్నా తేట. తూకం మాత్రం ఉంది: మనకు తెలిసిన పదార్థానికి అయిదు రెట్లకు పైనే. ఆ ఆకర్షణే లేకపోతే పాలపుంతల అంచున అంత జోరుగా తిరిగే నక్షత్రాలు ఎప్పుడో చెదిరిపోయేవి.

అయిదు రెట్లే ఎందుకు? అదేమిటో తెలుసుకోవడానికి ఈ లెక్కే గట్టి ఆధారమని నా నమ్మకం.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరను తలచుకోండి. ఆ కిక్కిరిసిన జనంలో ఎదురుపడ్డ ఇద్దరిద్దరూ మాయమైపోతారనుకుందాం. మొదట్లో చాలామంది మాయమవుతారు. జాతర విడిచి ఎవరి ఊరి దారి వాళ్లు పట్టాక ఎదురుపడడమే ఉండదు. మిగిలినవాళ్లు మిగిలిపోతారు. తొలి సెకనులో అతి చిన్న భాగంలోనే విశ్వంలో ఇలా జరిగిందని ఒక సిద్ధాంతం. బరువైన కణాలు జంటలుగా ఢీకొని నశిస్తూ ఉండగా, విశ్వం చల్లబడి వ్యాకోచించి వాటిని విడదీసింది. రామనాథ్ కౌశిక్, మెక్‌క్లెలండ్ 1972లో న్యూట్రినోలనే కణాల మిగులుకు లెక్క కట్టారు. అవి మరీ తేలిక, మరీ వేగం. చిన్న పాలపుంతలను కూడగట్టలేవు. 1977లో బెన్ లీ, స్టీవెన్ వైన్‌బర్గ్ బరువైన కణాలకు ఆ లెక్క వేశారు. ప్రోటాన్‌కు వంద రెట్ల బరువుండి, న్యూట్రినోలంత బలహీనంగా స్పందించే కణమైతే మిగులు ఆ అయిదు రెట్లకు దాదాపు సరిపోతుంది. నాకిది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరించే లెక్క.

రెండో సిద్ధాంతం బావి ఊటలాంటిది. ఇందులో కృష్ణ పదార్థపు కణాలు జాతరలో ఎన్నడూ కలవలేదు. మండే విశ్వంలోంచి బొట్టుబొట్టుగా ఊరాయి, వేడి తగ్గగానే ఊట ఆగింది. జాతర కణాలు ఎంత గట్టిగా స్పందిస్తే అంత తక్కువ మిగులుతాయి. ఊట కణాలది తలకిందులు: స్పందన పెరిగితే చేరేదీ పెరుగుతుంది.

అమెరికాలోని సౌత్ డకోటాలో, పాత బంగారు గనిలో కిలోమీటరున్నర లోతున, ఒక తొట్టిలో టన్నులకొద్దీ ద్రవ జినాన్ నింపి జాతర కణాల కోసం కాపు కాస్తున్నారు. ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. ఊట కణాలే నిజమైతే, వాటి స్పర్శ అంతకన్నా ఎన్నో రెట్లు మెత్తన. ఆ తొట్టిలో ఎన్నేళ్లు చూసినా కణం తాకిన మెరుపు కనిపించకపోవచ్చు.