పైన్ మసి, తోలు జిగురు

1975లో చైనాలోని హుబే ప్రావిన్స్‌లో, షుయిహుది అనే చోట పాత సమాధులు బయటపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి రెండు ఉత్తరాలు దొరికాయి. హేయ్‌ఫు, జింగ్ అనే సైనికులు యుద్ధభూమి నుంచి ఇంటికి రాసినవవి. అమ్మ క్షేమం అడిగారు, డబ్బూ బట్టలూ పంపమన్నారు. చెక్క పలకల మీది ఆ అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. అదే సమాధిలో చిన్న సిరా ముద్ద, దాన్ని అరగదీసుకునే రాయి కూడా ఉన్నాయి. చైనా లిపికళ గురించి చెప్పేవాళ్లు కుంచెనూ, చేతి వాటాన్నీ పొగుడుతారు. ఆ కళను మనదాకా తెచ్చింది మాత్రం ఈ నల్ల ముద్దే.

అందులో ఉన్నవి ముఖ్యంగా రెండే: మసి, తోలు ఉడికించి తీసిన జిగురు. మసి అంటే దాదాపు కార్బనే. నీళ్లలో వేస్తే అది కలవదు, పైకి తేలి ఉండలు కడుతుంది. జిగురులోని ప్రోటీన్ ఒక్కో మసి రేణువుకూ పొరలా పట్టుకుని, అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. ఈ ముద్దను అచ్చులో ఒత్తి ఆరబెడితే కడ్డీ అవుతుంది. గంధపు చెక్కను సాన మీద అరగదీసినట్టు, రాతి మీద కాసిని నీళ్లు పోసి అరగదీస్తే మళ్లీ సిరా. కార్బన్ ఎండకు వెలవదు, గాలికి మారదు. యూరప్‌లో శతాబ్దాలపాటు వాడిన ఇనుప లవణాల సిరా గోధుమ రంగుకు తిరిగి, చాలాచోట్ల కాగితాన్నే తినేసింది.

చెప్పినంత తేలిక కాదు దీని తయారీ. 6వ శతాబ్దంలో జియా సిశ్యే తన వ్యవసాయ గ్రంథంలో ఆ పద్ధతి వివరంగా రాశాడు. మసిని సన్నటి పట్టుగుడ్డలో జల్లించాలి, అదీ ఆరుబయట కాదు, ఎగిరిపోతుంది. పదహారు పాళ్ల మసికి అయిదు పాళ్ల జిగురు. కోడిగుడ్ల తెల్లసొన, ఇంగిలీకం, కస్తూరి చేర్చి, ఇనప రోట్లో ముప్ఫై వేల పోట్లు దంచాలి. ఇంకా దంచితే ఇంకా మంచిదట! వేడి నెలల్లో చేస్తే జిగురు కుళ్లి కంపుకొడుతుంది, మరీ చలిలో అయితే ఆరదు. అణువుల సంగతి తెలియని కాలంలో ఇంత నిశితమైన పరిశీలన నన్ను అబ్బురపరుస్తుంది.

తాంగ్ వంశం చివరి రోజుల్లో, ఉత్తరాన అల్లకల్లోలం నుంచి తప్పించుకుని షీ కుటుంబం హ్వేజోకు వలస వచ్చింది. అక్కడి పైన్ చెట్లను కాల్చిన మసితో షీ తింగ్‌గ్వే చేసిన సిరాకు మెచ్చి, దక్షిణ తాంగ్ రాజు అతనికి తన ఇంటిపేరు ‘లీ’నే ఇచ్చాడు.

ఈ నలుపు కోసం అడవులు కాలిపోయాయి. 11వ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు షెన్ క్వో ఆ మాట సూటిగా రాశాడు: షాన్‌దోంగ్ ప్రాంతపు పైన్ అడవులు అయిపోయాయి, మిగతా కొండలూ చాలావరకు బోడివయ్యాయి. ఆయన ఊరుకోలేదు. నేలలోంచి ఊరే రాతినూనెను మండించి, ఆ మసితో సిరా చేశాడు. పైన్ సిరా కంటే బాగుందనీ, ముందుముందు ఇదే వ్యాపిస్తుందనీ రాశాడు. చైనా కళాచరిత్ర చదివేవాళ్లు ఈ పేజీ దాటవేయకూడదని నా అభిప్రాయం.

1637లో సోంగ్ యింగ్‌షింగ్ వర్ణించిన బట్టీ వెదురు చాపలతో కట్టిన పొడవాటి సొరంగం. ఒక కొసన పైన్ కట్టెలు మండుతాయి, పొగ రెండో కొస దాకా పాకుతుంది. బరువైన మసి మంట దగ్గరే రాలుతుంది, అది పుస్తకాల అచ్చుకు. చివరి అరల్లో చేరే అతి సన్నటి మసి మేలురకం సిరాకు. అంటే పొగే తన రేణువులను జల్లించుకుంటోంది. అప్పటికీ పదింట తొమ్మిదొంతుల సిరా పైన్‌దే, మిగిలింది తుంగ్ నూనె వంటి వాటి మసి.

చిత్రకారుడికి ఈ తేడా ప్రాణం. నూనె మసి సన్నం, నలుపు మెరుస్తుంది. పైన్ మసికి మెరుపు తక్కువ, పలచన చేస్తే నీలి ఛాయ తేలుతుంది. సిరా ఒక్కటే అయిదు రంగులు పలికించగలదని 9వ శతాబ్దంలోనే జాంగ్ యెన్‌యువాన్ రాశాడు.

1865లో బీజింగ్‌లో సీసా సిరా అమ్మకానికి వచ్చింది, అరగదీసే పని తప్పింది. హ్వేజో కడ్డీల తయారీని 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఇప్పటికీ కడ్డీలను నెలల తరబడి తిప్పుతూ, నీడపట్టున ఆరబెడుతున్నారు.