పాత జీపు దగ్గర పెట్రోలు వాసన ఎందుకు?

మే నెలలో నూజివీడు తోటల్లో చిన్న రసాలు మాగుతున్న వాసన రావాలి. దాన్ని మించి, చెట్టు కింద ఆపిన పాత పెట్రోలు జీపు వాసన కొడుతోందా? అయితే దాని బొగ్గు డబ్బాను చూడాలి.

జీపులో బొగ్గేమిటంటారా? ఎండకు ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతుంది. అది బయటికి పోతే డబ్బు దండగ. పైగా ఎండలో పొగలతో కలిసి, ఊపిరితిత్తులకు చేటు చేసే ఓజోన్ తయారవడానికి తోడ్పడుతుంది. అందుకే 1970 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియా ఈ ఆవిరికి కళ్లెం వేసింది.

డబ్బాలో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఒళ్లంతా సన్నని రంధ్రాలున్న బొగ్గు. దీన్ని కొబ్బరి చిప్పలతోనూ చేస్తారు. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు. పావు ఎకరం తోట! ఆవిరి ఆ గోడలకు అంటుకుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు డబ్బాలోంచి గాలి లాగి, ఆ ఆవిరిని మండించేసుకుంటుంది.

మరి పాడెందుకవుతుంది? బంకులో ట్యాంకు నిండాక కూడా ‘ఇంకాస్త పొయ్యి’ అంటారు చూడండి, అందుకు! పొంగిన పెట్రోలు బొగ్గును తడిపేస్తుంది.

మార్చడం మెకానిక్ పని. ఇంజన్ చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి మొదలుపెడతాడు. సాధారణంగా గొట్టాలు మూడు: ట్యాంకుది, ఇంజన్‌ది, బయటి గాలిది. పీకే ముందే గుర్తులు పెట్టుకుంటాడు. ఎండి పగిలిన రబ్బరు గొట్టాలనూ మార్చాల్సిందే. డబ్బా ఒక్కటే కొత్తదైతే వాసన పోదు.