ట్యాబ్ దగ్గర బేరం... కవరు దగ్గర బేజారు!
విడి సామాన్ల ధరలకు కొలబద్ద ఏది?

బాపట్ల : పిల్లల చదువు కోసం ట్యాబ్ కొనడానికి షాపుకు వెళ్ళే తల్లిదండ్రులు బేరమాడేది ట్యాబ్ దగ్గరే. పదమూడు వేలు చెబితే పన్నెండున్నరకు ఇమ్మంటారు. కాసేపు నసిగి షాపతను అయిదొందలు తగ్గిస్తాడు. ఈలోగా కవరు, తెరమీద అద్దం, ఛార్జరు, పెన్ను ఒక్కొక్కటే బిల్లులోకి వచ్చి చేరతాయి. తగ్గిన అయిదొందలు మరో వెయ్యిని వెంటబెట్టుకుని గల్లాపెట్టెకు తిరిగి చేరుతుంది.

ట్యాబ్ ధర న్యాయమో కాదో తేల్చుకోవడం అంత కష్టం కాదు. అదే మోడల్ నాలుగు షాపుల్లోనూ ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. పైగా జిల్లావాసులకు ఒక కొలబద్ద కూడా ఉంది. 2022 డిసెంబరు 21న యడ్లపల్లిలో ప్రారంభించి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పంచిన ట్యాబ్‌లు 5 లక్షల 18 వేల పైచిలుకు. ఖర్చు 680 కోట్ల రూపాయలకు పైనే. భాగించి చూస్తే ఒక్కొక్కటి సుమారు 13 వేలు పడింది, మూడేళ్ళ వారంటీతో. లక్షల్లో కొన్న ధర ఒక్కటి కొనేవారికి రాదు, నిజమే. కానీ ఏడాది వారంటీతో ఆ తరగతి ట్యాబ్‌కు ఇరవై వేలు అడిగితే ఎందుకని నిలదీయడానికి ఆ లెక్క చాలు. ఆ ట్యాబ్‌లలోని పాఠాలకు 15 వేలకు పైగా విలువ ఉందని అప్పట్లో చెప్పారు. వాటిని ఇచ్చిన సంస్థపై 2024 జులైలో దివాలా విచారణ మొదలైంది. డబ్బాలో ఉచితంగా వస్తుందనే పాఠానికి ధర కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవలసిందే.

చవక అంతా న్యాయమైన ధర కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆర్భాటంగా విడుదల చేసిన 'ఆకాశ్' ట్యాబ్ ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. హైదరాబాదులోనే అమర్చిన సరుకు. తెరను వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలికేది కాదు. 256 మెగాబైట్ల మెమరీతో నత్తనడక నడిచేది. మరుసటి ఏడాది తెర మార్చి, మెమరీ రెట్టింపు చేసి రెండో ఆకాశ్‌ను తేవలసి వచ్చింది.

ఖరీదైన కంపెనీల లెక్కలు మరోరకం. 2010లో అమెరికాలో వచ్చిన మొదటి ఐప్యాడ్ 16 జీబీది 499 డాలర్లు, 32ది 599, 64ది 699. అంటే మొదటి వంద డాలర్లకు దక్కింది 16 జీబీ. తరువాతి వందకు 32. సరుకు ఒకటే, రేట్లు రెండు! అక్కడ ధర కట్టింది మెమరీకి కాదు, కొనేవాడి జేబుకు. మెమరీ కార్డు పెట్టుకునే చోటున్న ట్యాబ్ అయితే, కంపెనీ అదనంగా అడిగే సొమ్మును బజారులో కార్డు ధరతో పోల్చి చూసుకోవచ్చు. పాఠాల వీడియోలు దాచుకోవడానికి కార్డు చాలు.

అసలు తిరకాసు విడి సామాన్లలోనే ఉంది. 2011లో భారతదేశంలో మొదటి ఐప్యాడ్ 27,900 రూపాయలకు మొదలైతే, 2020లో అదే కంపెనీ 11 అంగుళాల ట్యాబ్‌కు తెచ్చిన కీబోర్డు ధర కూడా 27,900! 2015లో వచ్చిన వారి పెన్ను 99 డాలర్లు. 2022లో ట్యాబ్‌కు సాకెట్టు మార్చి, పాత పెన్నునే అంటగట్టారు. రెండూ కలవడానికి 9 డాలర్ల ముక్క ఇంకొకటి కావలసి వచ్చింది. శాంసంగ్ 2020లో తెచ్చిన ఎస్ 6 లైట్‌లో మాత్రం పెన్ను డబ్బాలోనే ఇచ్చారు. అందువల్ల ట్యాబ్ ధరలు పోల్చేటప్పుడు పెన్ను, కీబోర్డు, ఛార్జరు కలిపి మొత్తం లెక్క చూడాలి. కొన్ని ట్యాబ్‌లకు డబ్బాలో తీగె మాత్రమే ఉంటుంది, ఛార్జరు వేరే కొనుక్కోవాలి.

పెన్నుల్లోనూ రెండు జాతులున్నాయి. కొసన రబ్బరున్నది ఏ తెరమీదైనా పనిచేస్తుంది. అది వేలికి బదులే తప్ప మరేం కాదు. సన్నగా రాసేదానికి ట్యాబ్ లోపల తగిన ఏర్పాటు ఉండాలి. చవక ట్యాబ్‌లలో చాలావాటికి అది ఉండదు. వాటికి వేలు పోసి పెన్ను కొన్నా దండగే. ఛార్జర్లూ అంతే. 15 వాట్లు మాత్రమే తీసుకునే ట్యాబ్‌కు 65 వాట్ల ఛార్జరు పెట్టినా త్వరగా ఎక్కదు. అలాగని ముద్ర లేని ఛార్జరు కొనడమూ ప్రమాదమే. బీఐఎస్ ముద్ర, దాని నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ సంఖ్య అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తేలిపోతుంది.

డబ్బామీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపై మళ్ళీ జీఎస్‌టీ వసూలు చేయడానికి వీల్లేదు. కవర్ల విషయంలో ఆ ముద్రిత ధర కూడా నమ్మదగ్గది కాదు. 999 అని వేసి 250కి ఇచ్చే సరుకుకు 999 ఎన్నడూ ధర కాదు. ముద్రించిన ధరకు మించి అడిగితే 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్ళ ఫిర్యాదుకు రుసుము లేదు, వేరే ఊళ్ళో కొన్నా నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. దేనికైనా బిల్లు కావాలి. బిల్లులో ట్యాబ్ ధర, కవరు ధర, ఛార్జరు ధర వేటికవి విడిగా రాయించుకోవాలి.