ఇద్దరు చాలన్నది ఇంటిల్లిపాదీ - కు.ని. ఆపరేషన్ మాత్రం ఆడవారికే

పల్లెల్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మను 'ఎందరమ్మా పిల్లలు?' అని అడిగితే 'కన్నది ఎనిమిది మందిని, దక్కింది అయిదుగురు' అని చెప్పడం కొత్తేమీ కాదు. ఆమె కోడలికి ముగ్గురు. మనుమరాలికి ఇద్దరే. ఒకే గుమ్మంలో మూడు తరాల్లో వచ్చిన ఈ మార్పు దేశమంతటా వచ్చింది.

1971లో మన దేశంలో ఒక్కో స్త్రీకి సగటున అయిదుగురికి పైగా సంతానం ఉండేవారు. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది పసికందులు ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. ఎవరు దక్కుతారో, ఎవరు పోతారో తెలియని రోజుల్లో ఇద్దరితో ఆపడానికి ఏ తల్లికీ ధైర్యం చాలేది కాదు. 2020 నాటికి ఆ మరణాలు వెయ్యికి 28కి తగ్గాయి. భయం తగ్గింది, కాన్పులూ తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో సగటు సంతానం ఇద్దరు. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరగకుండా నిలకడగా ఉండాలంటే ఈ సగటు 2.1 ఉండాలి.

ఆడపిల్లలు చదువుకుంటే, పెళ్లి ఈడు పెరిగితే కాన్పులు వాటంతటవే తగ్గుతాయని పెద్దలు చెబుతారు. కేరళలో అలాగే జరిగింది. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 జనాభా లెక్కల ప్రకారం చదవడం, రాయడం వచ్చిన ఆడవారు నూటికి 33 మందే. అయినా 1992-93 సర్వేలో దేశం సగటు 3.4 ఉండగా, ఇక్కడ 2.6కి దిగింది. చదువు రాకముందే, పెళ్లి ఈడు పెరగకముందే కాన్పులు ఎలా తగ్గాయి?

ఇందుకు ముఖ్య కారణం కు.ని. ఆపరేషన్. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త ఆపరేషన్ చేయించుకున్న ఇళ్లు నూటికి ఒకటి కూడా లేవు.

ఒకప్పుడు ఇలా లేదు. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరగగా, వాటిలో అధికభాగం మగవారివే. అవి ఎమర్జెన్సీ రోజులు. చాలాచోట్ల బలవంతంగా పట్టుకెళ్లి చేశారు. ఎమర్జెన్సీ పోయినా మగవారిలో ఆ భయం పోలేదు. ఆ తర్వాత భారమంతా ఆడవారి మీద పడింది.

కాగా పెళ్లి ఈడు సంగతి మరింత ఆలోచించదగ్గది. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలని 1978లోనే చట్టం సవరించారు. అయినా 2019-21 నాటికి 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి ఆ ఈడు రాకముందే పెళ్లయిందని ఆంధ్రప్రదేశ్ లెక్కలు చెబుతున్నాయి. వెంటనే ఒక కాన్పు, ఎడం లేకుండా మరొకటి, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఒంట్లో రక్తం పట్టే వ్యవధి ఉండదు. రేపు బిడ్డకు ఏదైనా జరిగితే మళ్లీ కనే దారి మూసుకుపోతుంది.

ఇద్దరికి మించి కన్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 చట్టంలో పెట్టారు. జనం తగ్గిపోతున్నారని ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తివేశారు. నిన్న వద్దన్నవారే నేడు కనమంటున్నారు. అప్పుడు కోత పడింది ఆమెకే, ఇప్పుడు మోయవలసిందీ ఆమే.

కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ల ఎడం ఉంటే తల్లికీ బిడ్డకూ మేలు. ఇందుకు కాపర్-టి, మాత్రలు, అంతర ఇంజెక్షన్, నిరోధ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితంగా ఇస్తారు. మగవారి ఆపరేషన్‌కు పొట్ట కోయనక్కరలేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మగతనానికీ, కాయకష్టానికీ లోటు రాదు. ఆ తర్వాత మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త తీసుకోవాలి. ఎందరిని కనాలో, ఎప్పుడు కనాలో, ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలో ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ముందుగా ఆమెను అడగడం న్యాయం.